ఎర్రచందనం, పిగిలిపిట్ట: అరుదుతనం, సామాన్యతలపై ఒక తులనాత్మక పరిశీలన

శేషాచలం, లంకమల కొండలకు క్షేత్ర పర్యటనకై వెళ్లిన విద్యార్థులకు తరచుగా ఒక సందేహం కలుగుతుంది. ఆ కొండల కొన్ని వాలులలో ఎటు చూసినా ఎర్రచందనమే కనబడుతుంది. పలుగురాళ్లు నిండిన నేలలో, మొసలి చర్మం వలె పలకలుగా పగిలిన నల్లని బెరడుతో చెట్లు దగ్గర దగ్గరగా నిలిచి ఉంటాయి. అదే బాటలో ఉదయమంతా తిరిగినా పిగిలిపిట్టలు పది, పదిహేనుకు మించి కనబడకపోవచ్చు. అయినప్పటికీ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి రూపొందించే ఎర్ర జాబితాలో ఎర్రచందనం ‘ప్రమాదంలో ఉన్న జాతి’గానూ, పిగిలిపిట్ట ‘ఆందోళన అవసరం లేని జాతి’గానూ నమోదై ఉన్నాయి. కంటికి విస్తారంగా కనబడుతున్న దానిని అరుదైనదని, వెతికితే గాని కనబడని దానిని సామాన్యమైనదని ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తున్నారన్నదే ఆ సందేహం.

చెట్టును పక్షితో పోల్చడం మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్లు ఉన్నదన్న ఆక్షేపణ రావచ్చు. అయితే జాతుల సంరక్షణకు సంబంధించిన కొలమానాలు చెట్టుకు వేరుగా, పిట్టకు వేరుగా లేవు. విస్తీర్ణం, ఆవాసం, సంఖ్య, తరాల మధ్య వ్యవధి అనే అవే నాలుగు అంశాలను రెండింటికీ అన్వయిస్తారు. రెండు దగ్గరి బంధువులను పోల్చినపుడు మరుగునపడే తేడాలు, ఇంత భిన్నమైన జీవులను పక్కపక్కన నిలిపినపుడు స్పష్టంగా బయటపడతాయి.

రెండు జాతుల స్వరూపం

ఎర్రచందనం (టెరోకార్పస్ శాంటలైనస్) చిక్కుడు కుటుంబానికి చెందిన ఆకురాల్చే వృక్షం. తూర్పు కనుమల దక్షిణ భాగానికే ఇది సహజంగా పరిమితం. పూర్వపు ఉమ్మడి కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాలలోని శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ, నల్లమల శ్రేణులు, వాటికి ఆనుకొని ఉన్న తమిళనాడు కొండలు మినహా ప్రపంచంలో మరెక్కడా ఇది తనంతట తాను పెరగదు. వేసవిలో పసుపుపచ్చని, సువాసన గల పూలు పూస్తుంది. కాయ గుండ్రంగా, బల్లపరుపుగా, చుట్టూ పలుచని రెక్కతో ఉండి, తరువాతి సంవత్సరం ఆరంభానికి గాని పూర్తిగా పక్వానికి రాదు.

పిగిలిపిట్ట (పిక్నోనోటస్ కేఫర్) పరిచయం అవసరం లేని పక్షి. నల్లని తల, దానిపై చిన్న జుట్టు, పొలుసుల వలె కనిపించే గోధుమరంగు దేహం, తోక మొదట కింది భాగాన ఎర్రని మచ్చ దీని గుర్తులు. పాకిస్తాన్ మొదలుకొని మయన్మార్ వరకు, హిమాలయ పాదాల నుండి శ్రీలంక వరకు వ్యాపించి ఉన్నది. పొదలు, పెరళ్లు, తోటలు, పట్టణ వీధులు, పలుచని అడవులు అన్నీ దీనికి నివాసయోగ్యమే.

నామకరణంలో ఒక చిత్రమైన విషయం ఉన్నది. పిట్టకు 1766లో శాస్త్రీయ నామం పెట్టినవాడు కార్ల్ లిన్నేయస్. ఎర్రచందనానికి పేరు పెట్టినవాడు ఆయన కుమారుడు. తండ్రి ఈ పక్షి ఆఫ్రికా దక్షిణాగ్రం నుండి వచ్చినదని పొరపడి ‘కేఫర్’ అన్న పేరు ఉంచాడు. ఆ ఖండానికి ఏ సంబంధమూ లేకపోయినా ఆ పేరే స్థిరపడిపోయింది.

అరుదుతనం ఒకటి కాదు

అరుదైన జాతి అనగానే సంఖ్యలో తక్కువైనదని భావించడం పరిపాటి. అమెరికా వృక్ష పర్యావరణ శాస్త్రవేత్త డెబొరా రాబినోవిట్జ్ 1981లో ఈ భావనను సరిదిద్దారు. ఏ జాతినైనా మూడు ప్రశ్నలతో పరిశీలించాలని ఆమె ప్రతిపాదించారు. దాని భౌగోళిక విస్తీర్ణం విశాలమా, సంకుచితమా? అది అనేక ఆవాసాలలో మనగలదా, ఒకటి రెండింటికే కట్టుబడినదా? అది ఉన్న చోట ఎక్కడైనా సమృద్ధిగా ఉన్నదా, అంతటా పలుచగానే ఉన్నదా? ఒక్కొక్క ప్రశ్నకు రెండు జవాబుల చొప్పున మొత్తం ఎనిమిది గదులు ఏర్పడతాయి. మూడింటికీ అనుకూలమైన జవాబు వచ్చిన ఒక్క గదిలోని జాతులే సామాన్యమైనవి. తక్కిన ఏడు గదులూ ఏడు రకాల అరుదుతనాలు.

పిగిలిపిట్ట ఆ మొదటి గదిలోకి సూటిగా చేరుతుంది. ఎర్రచందనానికి విస్తీర్ణం సంకుచితం. ఆవాసం వేడి, పొడి వాతావరణంతో, నీరు నిలవని రాతి నేలలతో కూడిన ఆకురాల్చే అడవి మాత్రమే. కాని మూడవ ప్రశ్నకు జవాబు ‘సమృద్ధి’. విద్యార్థి కళ్ల ఎదుట కనబడేది ఈ మూడవ జవాబు ఒక్కటే. మొదటి రెండు జవాబులు కొండ మీద నిలబడి చూసేవానికి కనబడవు. పటం మీద మాత్రమే కనబడతాయి. గుట్ట నిండా ఉన్న చెట్టు అరుదైనది ఎట్లా అవుతుందన్న ప్రశ్నకు సమాధానం ఇదే.

ఈ రకం అరుదుతనానికి గల ప్రత్యేక ప్రమాదం కూడ ఇక్కడే తెలుస్తుంది. పిగిలిపిట్టకు ఒక జిల్లాలో ఏ ఆపద వచ్చినా ఉపఖండంలోని మిగిలిన జనాభాకు దానివల్ల ముప్పు లేదు. ఎర్రచందనానికి అటువంటి రెండవ ఇల్లు లేదు. ఒకే ప్రాంతంలో దట్టంగా ఉండటం వలన దొంగ నరుకుడుకు, విస్తృతమైన కార్చిచ్చుకు, దీర్ఘకాలపు కరువుకు జాతి మొత్తం ఒకేసారి లోనవుతుంది. సమృద్ధి కనబడుతున్నంత కాలం ఆ నష్టం కంటికి ఆనదు.

జీవిత చక్రంలోని అంతరం

రెండింటి మధ్య గల అసలైన తేడా సంతానోత్పత్తి తీరులో ఉన్నది. పిగిలిపిట్ట ఒక విడతకు సాధారణంగా రెండు లేక మూడు గుడ్లు పెడుతుంది. సుమారు రెండు వారాలలో పిల్లలు బయటకు వస్తాయి. మరి రెండు వారాలు గడవకముందే గూడు విడుస్తాయి. పాములు, కాకులు, పిల్లులు, తొండలు పెద్ద సంఖ్యలో గూళ్లను పాడుచేస్తాయి. చాతక పక్షి తన గుడ్లను పిగిలిపిట్టల గూళ్లలో పెట్టి పెంపకపు భారాన్ని వాటిపైనే వేస్తుంది. ఇన్ని నష్టాలున్నా గూడు చెడిన జంట అదే రుతువులో మళ్లీ గూడు కట్టుకుంటుంది.

ఎర్రచందనం ఇందుకు పూర్తిగా విరుద్ధం. పూత సమృద్ధిగా ఉన్నా సహజ పరిస్థితులలో కాయగా నిలిచే పూలు నూటికి పది కూడ ఉండవు. తేనెటీగలు ప్రధాన పరాగ వాహకాలు. వేరొక చెట్టు పుప్పొడిని చేతితో అద్దినపుడు కాయకట్టు దాదాపు సగానికి పెరుగుతుందని పరిశోధనలు వెల్లడించాయి. అనగా పూల కొరత కాదు, తగిన పుప్పొడి తగిన పూవును చేరకపోవడమే లోపం. కాయ గట్టిదైనందున మొలక శాతం తక్కువ, మొలకెత్తడానికి పట్టే సమయం ఎక్కువ. మొలిచిన మొక్కలలో అధిక భాగం నిప్పుకు, మేతకు, వేసవి ఎద్దడికి బలవుతుంది. ఈ గండాలన్నీ దాటిన చెట్టులో ఎర్రని చేవ చెప్పుకోదగినంతగా ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది.

ఈ తేడా ఫలితాన్ని ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. ఇందులోని అంకెలు బోధన కొరకు తీసుకున్నవే గాని క్షేత్ర గణాంకాలు కావు. ఒక పిగిలిపిట్టల జంట ఏడాదికి రెండు విడతలలో ఆరు గుడ్లు పెట్టినదని, వాటిలో మూడింట రెండు వంతులు నశించి రెండు పిల్లలు మాత్రమే ఎగిరాయని, ఆ రెండింటిలో ఒకటి మరుసటి ఏటికి మిగిలినదని అనుకుందాం. పెద్ద పిట్టలలో ఏటా సగం చనిపోతాయనుకుంటే జంటకు ఒకటి పోయి ఒకటి చేరుతుంది. జనాభా నిలకడగా ఉంటుంది. ఒక సంవత్సరం నూటికి మూడు పెద్ద పిట్టలు అదనంగా చనిపోయినా, మిగిలిన వాటికి ఆహారం, గూటి స్థలం మరికొంత దొరుకుతాయి గనుక ఒకటి రెండు మంచి రుతువులలో ఆ లోటు పూడిపోతుంది.

ఇప్పుడు ఒక కొండవాలుపై పూతకు వచ్చిన 100 ఎర్రచందనం చెట్లున్నాయనుకుందాం. ఏటా ఒకటి సహజంగా పడిపోతుంది. ఒకటి కొత్తగా పూత వయస్సుకు చేరుతుంది. ఇక్కడ కూడ జనాభా నిలకడగానే ఉన్నది. అయితే ఏటా ఉన్నవాటిలో నూటికి మూడు చొప్పున అదనంగా నరికివేస్తే, ఏ ఒక్క సంవత్సరమూ చూపరికి పెద్ద తేడా కనబడదు. 23 సంవత్సరాలు గడిచేసరికి చెట్లు సగానికి తగ్గిపోతాయి. మొదటి ఏట కొట్టివేసిన చెట్టు స్థానంలో అదే రోజున మొక్క నాటినా, ఆ 23 ఏళ్లలో అది తల్లిచెట్టు స్థాయికి చేరి ఉండదు. పిట్టకు నష్టం కాదని తేలిన నూటికి మూడు, చెట్టుకు వినాశకరంగా పరిణమిస్తున్నది.

జనాభా గతిశాస్త్రంలో దీనిని ఒక సూత్రంగా బోధిస్తారు. తక్కువ కాలం జీవించి త్వరత్వరగా సంతానోత్పత్తి చేసే జాతులలో జనాభా పెరుగుదల పిల్లల సంఖ్యపై, వాటి మనుగడపై ఆధారపడుతుంది. చిరకాలం జీవించే జాతులలో అది పెద్దవాటి మనుగడపై ఆధారపడుతుంది. ఎర్రచందనం దొంగ రవాణా ఎంచుకొనేది సరిగ్గా ఈ అత్యంత సున్నితమైన దశనే. లావైన, నిటారైన, చేవ పట్టిన మాను, అనగా విత్తనమిచ్చే తల్లిచెట్టు, మొదట నేల కూలుతుంది. వంకర మానులు, సన్నపాటి పిలకలు మిగులుతాయి. తల్లిచెట్లు దూరదూరమైన కొలది ఒక చెట్టు పుప్పొడి మరొక చెట్టుకు చేరే అవకాశం తగ్గుతుంది. మొదటే స్వల్పంగా ఉన్న కాయకట్టు మరింత క్షీణిస్తుంది. అందువల్ల నరికిన చెట్ల సంఖ్యను బట్టి మాత్రమే నష్టాన్ని అంచనా వేయడం సరికాదు.

ఎర్ర జాబితా నిబంధనలు ఈ అంతరాన్ని గుర్తించాయి. జనాభా తగ్గుదలను గత 10 సంవత్సరాలకు గాని మూడు తరాలకు గాని, ఏది ఎక్కువైతే దానికి లెక్కించాలని అవి నిర్దేశిస్తాయి. పిట్ట విషయంలో అది దాదాపు ఒక దశాబ్దం. చెట్టు విషయంలో ఉద్యోగ జీవితకాలానికి మించిన వ్యవధి. ఎర్రచందనాన్ని 2018లో ‘ప్రమాదానికి చేరువలో ఉన్న జాతి’గా సడలించి, అనంతరం మరల ‘ప్రమాదంలో ఉన్న జాతి’గా మార్చినపుడు, మూడు తరాలలో 50 నుండి 80 శాతం వరకు తగ్గుదల జరిగినదన్న అంచనాయే ప్రాతిపదిక అయినది.

లెక్కించడంలోని చిక్కులు

చెట్టు కదలదు గనుక దానిని లెక్కించడం సులభమని, పిట్టను లెక్కించడం కష్టమని అనిపిస్తుంది. ఇది సగం నిజం మాత్రమే. పిట్ట విషయంలో చిక్కు, ఉన్నదానిని చూడలేకపోవడం, చూసినదానినే మరల లెక్కించడం. నిర్ణీత బిందువు వద్ద నిర్ణీత సమయం నిలబడి, కనబడిన, వినబడిన ప్రతి పిట్టతో పాటు దాని దూరాన్ని కూడ నమోదు చేస్తే, దూరం పెరిగేకొద్దీ గుర్తింపు ఏ మేరకు తగ్గుతున్నదో తెలిసి, కనబడని వాటిని కూడ అంచనా వేయవచ్చు. కూత అధికంగా ఉండే గూళ్ల కాలపు లెక్కను, నిశ్శబ్దంగా ఉండే కాలపు లెక్కతో పోల్చి జనాభా పెరిగినదని లేదా తగ్గినదని చెప్పరాదు. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలో ఈ లోపం తరచుగా కనబడుతుంది.

చెట్టు విషయంలో అంతకంటె మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది. అసలు ‘ఒకటి’ అంటే ఏమిటి? ఎర్రచందనం నరికిన మోడు నుండి పిలకలు వేస్తుంది. వేర్ల నుండి కూడ పిలకలు వస్తాయి. ఒక మోడు చుట్టూ నిలిచిన అయిదు పిలకలు జన్యుపరంగా ఒకే వృక్షం. వాటిని అయిదు చెట్లుగా నమోదు చేస్తే, నరికివేతకు గురైన ప్రదేశంలో చెట్ల సంఖ్య పెరిగినట్లు నివేదిక చూపుతుంది! కావున మొత్తం సంఖ్య కంటె, రొమ్ము ఎత్తున, అనగా 1.37 మీటర్ల వద్ద, తీసుకున్న చుట్టుకొలత తరగతుల వారీ పట్టిక ముఖ్యం. ఆరోగ్యవంతమైన అడవిలో చిన్న మొక్కలు అధికంగా ఉండి, తరగతి పెరిగేకొద్దీ సంఖ్య క్రమంగా తగ్గుతుంది. పెద్ద తరగతులు ఖాళీగా ఉంటే నరికివేతను, చిన్న తరగతులు ఖాళీగా ఉంటే నిప్పును, మేతను, విత్తన లోపాన్ని అనుమానించాలి. మోళ్లను, వాటి పిలకలను వేరు గడిలో నమోదు చేయాలి.

విత్తనాన్ని మోసేదెవరు

రెక్క గల కాయ అయినందున ఎర్రచందనం గాలిపై ఆధారపడుతుంది. కాయ బరువు, అడవి దట్టం వలన అధిక భాగం తల్లిచెట్టు చేరువలోనే రాలుతుంది. ఒక కొండశ్రేణి నుండి మరొక శ్రేణికి దాటడం అరుదు. సంకుచిత విస్తీర్ణానికి ఇది ఒక కారణం. పిగిలిపిట్టకు ఈ చెట్టు కాయతో పని లేదు. అది మెత్తని పండ్లను మింగి, కొద్దిసేపటిలోనే విత్తనాలను వేరొక చోట విసర్జించే పక్షి. శ్రీగంధం పండ్లను తిని, ఆ విత్తనాలను కంచెల వెంబడి, పొదల కింద చేరవేసే పక్షులలో ఇది ముఖ్యమైనది. పరాన్నజీవి స్వభావం గల శ్రీగంధానికి ఆశ్రయమిచ్చే మొక్క పక్కనే విత్తనం పడటం ఎంతో లాభం.

అయితే ఇదే పిట్ట లంటానా పండ్లను కూడ అంతే ఇష్టంగా తింటుంది. అలంకరణ మొక్కగా 19వ శతాబ్ది ఆరంభంలో మన దేశానికి వచ్చిన లంటానా ఈనాడు ఆకురాల్చే అడవులలో విస్తారంగా అల్లుకొని ఉన్నది. దాని నీడన స్థానిక వృక్షాల మొలకలు ఎదగలేవు. వేసవిలో దాని ఎండు కొమ్మలు నిప్పును నేల నుండి పైకి ఎక్కిస్తాయి. సామాన్యమైన పిట్ట అరుదైన చెట్టుకు శత్రువు అని దీని అర్థం కాదు. లంటానాను తెచ్చినది, అడవిని పలుచన చేసి దానికి వెలుతురు కల్పించినది మనిషే. పిట్ట దొరికిన పండు తింటున్నది. కాని ఎర్రచందనం వాలులలో పొదలను తొలగించే పని చేపట్టినపుడు, చుట్టుపక్కల పండ్లనిచ్చే లంటానా మిగిలి ఉంటే పిట్టల ద్వారా అది కొద్ది కాలంలోనే తిరిగి వస్తుందన్న సంగతి లెక్కలో ఉంచుకోవలసి ఉంటుంది. పండ్లు రాకముందే వేరుతో తొలగించడం, ఖాళీ అయిన చోట స్థానికమైన రేగు, బలుసు, వాక వంటి పండ్ల పొదలను పెంచడం వలన పిట్టకు ఆహారం తగ్గకుండా కలుపు తగ్గుతుంది.

స్వస్థలం దాటిన పిగిలిపిట్ట ఎట్లు ప్రవర్తిస్తుందో పసిఫిక్ ద్వీపాల అనుభవం చెబుతుంది. 1903 ప్రాంతంలో భారతీయ వలస కూలీల వెంట ఫిజీకి చేరిన ఈ పక్షి అక్కడి నుండి టోంగా, సమోవాలలో స్థిరపడినది. తాహితిలో మికోనియా అనే దురాక్రమణ వృక్షపు విత్తనాలను వ్యాపింపజేస్తున్నది. హవాయిలోని ఒవాహు ద్వీపంలో ఆర్కిడ్ తోటల పూమొగ్గలను కొరికి నష్టం కలిగిస్తున్నది. ప్రపంచంలోని అత్యంత హానికర దురాక్రమణ జాతులు నూరింటి జాబితాలో దీని పేరు ఉన్నది. అన్ని ఆవాసాలలో మనగలగడం, అన్నిటినీ తినగలగడం అనే ఏ గుణాలు దానిని ఇక్కడ సామాన్యమైన పక్షిగా నిలిపినవో, అవే అక్కడ దానిని పీడగా మార్చినవి.

సామాన్యత శాశ్వతమైన హామీ కూడ కాదు. 1980ల వరకు మన దేశంలో విస్తారంగా ఉన్న తెల్లవీపు రాబందు, పశువుల మందు డైక్లోఫెనాక్ వలన కొద్ది సంవత్సరాలలోనే నూటికి 99 వంతులకు పైగా తగ్గిపోయినది. సామాన్య జాతులను ఎవరూ లెక్కించరు గనుక వాటి పతనం ఆలస్యంగా తెలుస్తుంది.

విస్తరణ కార్యక్రమాలలో ఎదురయ్యే ప్రశ్నలు

రైతులు అడిగే మొదటి ప్రశ్న, ఎర్రచందనం పొలాల గట్లపైన, తోటలలో, ఇతర రాష్ట్రాలలో కూడ పెరుగుతున్నపుడు అది ఇంకా ప్రమాదంలో ఎందుకున్నదని. నాటిన చోట బ్రతకడం వేరు, తనంతట తాను విత్తనం రాల్చి, మొలిచి, తరువాతి తరాన్ని నిలుపుకోవడం వేరు. ఎర్ర జాబితా లెక్కలోకి వచ్చేది రెండవదే. సాగు వలన అడవిపై ఒత్తిడి తగ్గవచ్చు. కాని సాగు చెట్లు అడవి జనాభాకు ప్రత్యామ్నాయం కావు. ఇక్కడ శాస్త్రవేత్తలు చేయగల మేలు ఒకటున్నది. నర్సరీలకు విత్తనం సులభంగా అందే రెండు మూడు చెట్ల నుండి కాక, దూరదూరంగా ఉన్న అనేక తల్లిచెట్ల నుండి, వేర్వేరు కొండల నుండి సేకరించేటట్లు చూడటం. లేనిచో వేల మొక్కలు పంచినా జన్యు వైవిధ్యం రెండు మూడు చెట్లదే అవుతుంది. ఈ జాతి 1995 నుండి సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నందున, సాగు చేసిన కలప నరకడానికి, రవాణాకు, ఎగుమతికి అనుమతులు తప్పనిసరి. మొక్క నాటిన నాటి నుండే సర్వే నంబరు, సంఖ్య, నాటిన సంవత్సరం వివరాలతో రికార్డు ఉంచుకోవాలని రైతుకు ముందుగానే చెప్పడం అవసరం. కోత సమయానికి ఈ సంగతి తెలిసి ఇబ్బంది పడినవారు ఉన్నారు.

రెండవ ప్రశ్న పిట్టను గురించి. జామ, ద్రాక్ష వంటి పండ్ల తోటలలో పిగిలిపిట్టల వలన నష్టం జరుగుతున్న మాట వాస్తవం. అయితే పిల్లలను పెంచే కాలంలో ఇవే పిట్టలు గొంగళిపురుగులను, ఇతర కీటకాలను పెద్ద సంఖ్యలో ఏరి తింటాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి వచ్చే పక్షి గనుక పట్టడం, చంపడం నేరం. మెరిసే రిబ్బన్లకు పిట్టలు కొద్ది రోజులలోనే అలవాటు పడతాయి. పండు పక్వానికి వచ్చే రెండు మూడు వారాలు మాత్రమే వలలు కప్పడం, జామలో కాయలకు సంచులు తొడగడం మెరుగైన ఫలితమిస్తాయి. వల చివరలు నేలకు బిగుతుగా ఉండాలి. వదులు వలలో పిట్టలతో పాటు పాములు, తొండలు కూడ చిక్కుకొని చనిపోతాయి.